జపమాలల్లో కొలిచిన దారి

పోయిన నెలలో నా కుడికంటికి శుక్లం తీశారు. ఈ రోజుల్లో అదొక పెద్ద పని కాదు. పొద్దున్న వెళితే మధ్యాహ్నానికి ఇంటికి పంపేస్తారు. ఒక కంటికి కట్టు, రెండో కంటికి పొర. ఆ అవతారంతో మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆటోలో గుణదల బయల్దేరాను. పిల్ల మంచిదే గానీ తల ఎప్పుడూ ఫోన్లోనే ఉంటుంది. "మన వీధి వచ్చిందేమో చూడవే" అన్నాను. "ఆఁ, వచ్చింది అమ్మమ్మా" అంది తలెత్తకుండానే.

రాలేదని నాకు తెలుసు. మా వీధికి ముందు కాలవ వంతెన ఉంది. దాని మీదికి ఎక్కేటప్పుడు ఆటో ఒకసారి ఎగిరిపడుతుంది. ఇంకా ఎగరలేదు. అయినా "ఇక్కడ ఆపు బాబూ" అని దిగిపోయాను. ఆటో వెళ్ళిపోయాక పిల్ల చుట్టూ చూసి నాలిక్కరుచుకుంది. వేరే ఆటో దొరకలేదు. ఎండలో ఇద్దరం కొంగు కప్పుకుని ఇంటిదాకా నడిచాం. దారంతా అది గొణుగుతూనే ఉంది, "రాలేదని నీకు తెలుసు కదా, మరి ఎందుకు దిగావు?" అని.

దానికి జవాబు ఉంది. రోడ్డు మీద చెప్పేది కాదు.

మా తాతయ్య ఉపదేశి. ఫాదర్లు తరచూ వెళ్ళలేని ఊళ్ళకి ముందుగా వెళ్ళి, పిల్లలకి జపాలు నేర్పి, పెళ్ళికీ చావుకీ అందరితో పాటు నిలబడి, ఫాదర్‌గారు వచ్చే రోజుకి అన్నీ సిద్ధం చేసిపెట్టే మనిషిని మావాళ్ళు ఉపదేశి అంటారు. గుణదల నుంచి కొల్లేటి ఒడ్డు దాకా ఆయనకి ఊళ్ళున్నాయి. వాటన్నిటికీ సైకిలు మీదే వెళ్ళేవాడు. నల్ల సైకిలు, తోలు సీటు, వెనక క్యారియర్ మీద గుడ్డసంచి. సంచిలో జపాల పుస్తకం, ఒక జత పంచె కండువా, నాయనమ్మ కట్టిచ్చిన అన్నం మూట. ఆ మూటలో ఆవకాయ ఉంటే సైకిలు వీధి మలుపు తిరిగాక కూడా వాసన మా గుమ్మంలోనే నిలబడి ఉండేది.

రోడ్డు పక్కన రాళ్ళ మీద ఏమి రాసున్నా తాతయ్యకి పట్టదు. దూరాన్ని ఆయన జపమాలల్లో కొలిచేవాడు. చెక్క పూసల జపమాల సైకిలు హ్యాండిల్ కుడి పిడికి చుట్టి ఉండేది. ఒక్కో పూసకి ఒక మంగళవార్త జపం, పది పూసలు కాగానే ఒక పరలోక జపం. కాళ్ళు తొక్కుతూ ఉంటే బొటనవేలు పూసలు జరుపుతూ ఉండేది. "కంకిపాడు ఎంత దూరం తాతయ్యా?" అంటే "ఆరు జపమాలలు" అనేవాడు. ఉయ్యూరు పదకొండు. ఎదురుగాలి ఉంటే పదమూడు.

"మీరు జపం చేస్తున్నారో, దారి కొలుస్తున్నారో ఆ గుణదల మాతకే తెలియాలి" అనేది నాయనమ్మ.

"రెండూనే. ఆవిడకి తెలుసులే" అనేవాడు తాతయ్య.

ఆ వేసవి సెలవులకి నాకు పన్నెండేళ్ళు. మా మేనత్త నర్సు ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళుతూ తన లేడీస్ సైకిలు మా వరండాలో వదిలేసింది. సీటు మీద కూర్చుంటే కాలివేళ్ళ కొసలు మాత్రమే పెడళ్ళకి అందేవి. అయినా నా సంబరం ఇంతా అంతా కాదు. ఆడపిల్ల రోడ్డెక్కి సైకిలు తొక్కడమేమిటని నాన్న అడ్డుపడ్డాడు. ఆయన రైల్వేలో గుమాస్తా. ఇంట్లో కూడా ఎవరూ పట్టాలు దిగకూడదు. తాతయ్యే అడ్డం తిరిగాడు.

"నాకు తోడొస్తుంది లేరా. ఎండల్లో ఒక్కణ్ణే తిరుగుతున్నానని రోజూ గోల పెట్టేది నువ్వేగా" అన్నాడు. నాన్న ఆ మాటకి దొరికిపోయాడు.

మర్నాడే గవర్నర్‌పేటలో తాతయ్యకి బాగా తెలిసిన ఒక సాయిబుగారి సైకిలు షాపుకి తీసుకెళ్ళాడు. పంక్చరు అతికే సొల్యూషన్ వాసన, గ్రీజు వాసన, సాయిబుగారి నోట్లో కిళ్ళీ వాసన అన్నీ కలిసి ఆ షాపుకి ఒక ప్రత్యేకమైన గాలి ఉండేది. సీటు దించారు, బ్రేకులు బిగించారు. ఆ రోజుల్లో ప్రతి సైకిలుకీ వెనక మడ్‌గార్డు చివర అరచెయ్యంత తెల్లరంగు వేసేవారు. తాతయ్య మడ్‌గార్డు మొత్తం తెల్లగా వేయమన్నాడు.

"మొత్తమాండీ? పెళ్ళి గుర్రంలా ఉంటదండీ ఉపదేశిగారూ."

"ఉండనీండి."

సాయిబుగారు బ్రష్షు రంగులో ముంచబోతూ ఆగి తాతయ్య మొహంలోకి చూశారు. తర్వాత ఒకదాని మీద ఒకటి రెండు కోటింగులు వేశారు. ఒకటి చాలదా అని నేనడిగితే, "మీ తాతగారికి రెండు కావాలమ్మా" అన్నారు. అది చాలక, సైకిలెక్కినప్పుడల్లా తెల్ల జాకెట్టే వేసుకోవాలనీ, ఎప్పుడూ తన ముందే తొక్కాలనీ తాతయ్య షరతు పెట్టాడు. వెనకుంటే నేను పడిపోయినా ఆయనకి తెలియదట. నాకూ సబబుగానే తోచింది.

ఇక ఆట ఒకటి మొదలుపెట్టాడు. సాయంత్రాలు ఇంట్లో జపం ముగిశాక ఒకరు వరసగా మాత పేర్లు పిలుస్తుంటే మిగతావాళ్ళందరూ ప్రతి పేరుకీ ఒకే జవాబు చెబుతాం. అదే పద్ధతి రోడ్డు మీద. తాతయ్య వెనకనుంచి కేకేస్తాడు. "చింతల మలుపు!" నేను ముందునుంచి, "వచ్చింది తాతయ్యా!" "లాకులు!" "వచ్చాయి తాతయ్యా!" "రోడ్డు మీద గేదెలు!" "లేవు తాతయ్యా!" దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. నాకు గొప్పగా ఉండేది. గుణదల కొండ కనిపించినంత దూరం గంట కొట్టుకుంటూ పోయేదాన్ని.

మొదటి ప్రయాణం ఉండవల్లికి. బ్యారేజి దాటుతుంటే నది గాలికి నా పరికిణీ పెడల్లో ఇరుక్కుని చిరిగింది. గుహల్లో దేవుణ్ణి చూడబోతున్నామని తెలిసి నాయనమ్మ బయల్దేరేముందే బుగ్గలు నొక్కుకుంది. "ఫాదర్‌గారికి తెలిస్తే ఏమంటారో!" అంది. "చెక్కినవాడి చేతులు చూసొస్తామే. దానికేమంటారు?" అన్నాడు తాతయ్య. పై అంతస్తులో చీకట్లో, గబ్బిలాల కంపులో, ఆ పడుకున్న స్వామి పొడుగ్గా ఉన్నాడు. నేను అడుగడుక్కీ తట్టుకుంటున్నాను. తాతయ్య మాత్రం సొంత ఇంట్లో తిరిగినట్టు తిరిగాడు. రాతి పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా జానలతో కొలుస్తూ, వేళ్ళతో తడుముతూ నడిచాడు. "చూశావా, మోకాలి దగ్గర ఎంత నున్నగా తీశాడో" అన్నాడు. నాకు అక్కడ మోకాలు కనబడనే లేదు. చీకటి ఆయనకి అలవాటైందని నాకు తట్టలేదు.

తర్వాత వారం కొండపల్లి. కోట ఎక్కడానికి మోకాళ్ళు సహకరించవని తాతయ్య కిందే కూర్చుని నన్ను పంపాడు. నేను ఒక్క పరుగున ఎక్కి, కూలిపోయిన గోడల మధ్య రాచ ఉసిరికాయలు ఏరుకుని, ఒక్క పరుగున దిగాను. "ఏం చూశావో చెప్పు" అన్నాడు. చెప్పాను. "అంతేనా? పైనుంచి నది కనపడలేదా? ఎటు కనపడింది? నీళ్ళెన్ని పాయలుగా ఉన్నాయి?" అని గుచ్చి గుచ్చి అడిగాడు. నేను నది చూడలేదు. ఉసిరికాయలు చూశాను. పళ్ళు పులిసిపోయి నోరు తెరవలేకపోతుంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. "కళ్ళున్నవాళ్ళకి ఇదే జబ్బు" అన్నాడు.

దిగువన బొమ్మలు చేసే ఒక తాతగారి అరుగు మీద మజ్జిగ తాగాం. అరుగంతా పొణికి చెక్క పొట్టు, చింతగింజల జిగురు వాసన. ఆయన అప్పుడే చెక్కి పక్కన పెట్టిన బొమ్మ ఒకటి తాతయ్య చేతికిచ్చాడు. ఇంకా రంగు వేయని తెల్లచెక్క అది. తాతయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, "రంగులు బాగా కుదిరాయండీ, ముఖ్యంగా ఆ ఎరుపు" అన్నాడు.

బొమ్మల తాత నా వైపు చూశాడు. నేను బొమ్మ వైపు చూశాను. ఆయన నెమ్మదిగా బొమ్మ వెనక్కి తీసుకుని, "మీలాంటివాళ్ళు మెచ్చుకుంటే అంతే చాలండీ" అన్నాడు. ఆ పెద్దమనిషి మర్యాద ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

తిరుగుదారిలో చాలాసేపు నేను కేకలకి జవాబివ్వలేదు. చివరికి సైకిలు ఆపి అడిగేశాను. "తాతయ్యా, నీకు కనపడదా?"

ఆయన కూడా దిగాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "కనపడదని కాదే. పాలల్లోంచి చూస్తున్నట్టుంటుంది. రెండేళ్ళయింది. తెల్లటిది దగ్గరలో కదిలితే తెలుస్తుంది. వెలుగూ నీడా తెలుస్తాయి. దారి నాకు ఎట్లాగూ కంఠతా వచ్చు."

"డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చుగా."

"శుక్లం ముదరాలి, అప్పుడుగానీ కొయ్యమంటారు. నాతోటి ఉపదేశి ఒకాయన కోయించుకున్నాడు. ఉన్న చూపు కూడా పోయింది. ఈలోగా మీ నాన్నకి తెలిస్తే మొదట ఈ సైకిలు గొలుసేసి కట్టేస్తాడు. సైకిలు లేకపోతే ఊళ్ళు లేవు. ఊళ్ళు లేకపోతే నేనెందుకే?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కొల్లేటి ఒడ్డు పిల్లలు ఈ ఏడు జపాలప్పజెప్పి, ఫాదర్‌గారి చేత మొదటి సత్ప్రసాదం తీసుకోవాలి. అది ఒక్కటీ కానీ. తర్వాత నేనే చెబుతాను. మాత మీద ఒట్టేసి చెప్పు, ఎవరికీ అననని" అన్నాడు.

ఒట్టేశాను. అంత పెద్ద రహస్యం నా చేతిలో పడేసరికి నాకు కాస్త పొగరు కూడా వచ్చింది. దాచినందుకు రోజుకో ఐసుఫ్రూటు కావాలన్నాను. కొనిచ్చాడు. ఒకరోజు భోజనాల దగ్గర, కనపడదు కదా అని ఆయన కంచంలోంచి వేయించిన చేపముక్క లాగబోయాను. టక్కున నా మణికట్టు పట్టుకున్నాడు. "వాసన కదిలిందే దొంగా" అన్నాడు. నాయనమ్మకి అర్థం కాక, ఇద్దరూ ఎందుకంత నవ్వుతున్నారని కసిరింది.

కొల్లేటికి రెండు రోజుల ప్రయాణం. తెల్లారగట్ల బయల్దేరి, బందరు రోడ్డు పట్టుకుని, కంకిపాడు దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. ఉయ్యూరు దగ్గర పడుతోందని నాకంటే ముందు తాతయ్యే చెప్పాడు. చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన ఆయనకి రెండు జపమాలల దూరంనుంచే అందుతుంది. ఆ వాసనకి నేను ముక్కు మూసుకున్నాను, ఆయనకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ దారిలో ప్రతి ఊరికీ ఆయన ముక్కులో ఒక గుర్తుంది. వడ్లు ఉడకబెట్టే మిల్లు, తాటాకు మంటలు, పొగాకు బేళ్ళ గోడౌను, గేదెలు పొర్లే గుంట. నేను కళ్ళతో చూసిన దారికంటే ఆయన పీల్చిన దారే పెద్దది.

సాయంత్రానికి గుడివాడ చేరి, తాతయ్యకి తెలిసినవాళ్ళింట్లో దిగాం. వాళ్ళు వండిన బెండకాయ పులుసు తిన్నాక ఊళ్ళో ఉన్న పాత బౌద్ధుల దిబ్బ చూసొచ్చాం. దానికి ఊరివాళ్ళు పెట్టుకున్న పేరు ఒకటుంది. ఇంటికి రాగానే "ఆ పేరేమిటి, ఆ మాటకి అర్థమేమిటి?" అని పెద్దవాళ్ళందరిముందూ గట్టిగా అడిగాను. ఇంటాయనకి పొలమారింది. తాతయ్య నా నెత్తిన మొట్టికాయ వేశాడు. అందుకే ఆ పేరు ఇక్కడ కూడా రాయడం లేదు.

రెండో రోజు పొద్దున్న కైకలూరు వైపు కాలవగట్టు పట్టాం. ఇక్కడ కాలవల సంగతి ఒకటి చెప్పాలి. ఎండాకాలంలో కోతలయ్యాక పూడిక తీయడానికీ లాకులు బాగుచేయడానికీ మా వైపు కాలవలు కట్టేస్తారు. నెలో, నెలన్నరో నీళ్ళుండవు. తాతయ్యకి ఆ సంగతి తెలియక కాదు. కానీ ఆ గట్టు మీద ఆయన ఎప్పుడూ ఎడమ చెంపకి తగిలే చల్లదనాన్ని బట్టి తొక్కేవాడు. చల్లగా ఉంటే కాలవ అటు ఉన్నట్టు. వంతెన దగ్గర దాని స్తంభాల మధ్య ఖానాల్లోంచి నీళ్ళు దూరే చప్పుడు వినపడుతుంది. అక్కడ ఎడమకి తిరిగి కాలవ దాటాలి. ఆ రోజు చల్లదనమూ లేదు, చప్పుడూ లేదు. అటూ ఇటూ ఒకే ఎండ, ఒకే వేడిగాలి.

అందుకే ఆ పొద్దున్న ఆయన కేకలు ఎక్కువయ్యాయి. అడుగడుక్కీ "గట్టు అంచు ఎంత దూరం?" "గేదెలున్నాయా?" "వంతెన కనపడిందా?" నాకు విసుగొచ్చింది. గుడివాడలో వాళ్ళు నా చేతిలో రెండు పచ్చి మామిడికాయలు, కాగితంలో ఉప్పూ కారం పెట్టారు. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో కాయ కారంలో అద్దుకుంటూ, ముందు తొక్కాల్సినదాన్ని వెనకబడ్డాను. పెళ్ళి గుర్రంలాంటి తెల్ల మడ్‌గార్డు ఆయన ముందు లేదు.

"వంతెన!" అని కేకేశాడు తాతయ్య.

నోట్లో మామిడికాయ. తల ఎత్తలేదు. "వచ్చింది తాతయ్యా" అన్నాను.

ఆయన హ్యాండిల్ ఎడమకి తిప్పాడు.

సైకిలు గట్టు మీదినుంచి వాలులోకి జారి, ఎండిన కాలవలో బోర్లా పడిన చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది. నేను ఎలా దిగానో, ఎలా అరిచానో గుర్తులేదు. కాలవ అడుగున పూడిక తీస్తున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. తాతయ్య లేచి కూర్చున్నాడు. నుదురు చీరుకుపోయింది. కుడి మణికట్టు వంకరగా వేలాడుతోంది. జపమాల దారం తెగి పూసలన్నీ పూడిక మట్టిలో చెల్లాచెదురయ్యాయి. ఆయన ఎడమచేత్తో నేల తడుముతూ వాటిని వెతుకుతున్నాడు.

తట్ట దించి వచ్చిన ఒకావిడ కుండలో నీళ్ళతో ఆయన మొహం కడిగింది. "కళ్ళు కనపడవా ఏందండీ పెద్దాయనా?" అంది.

"ఎండకి బైర్లు కమ్మాయమ్మా" అన్నాడు.

ఆవిడ నన్ను చూసింది. నా చేతిలో ఇంకా సగం కొరికిన మామిడికాయ ఉంది. "పక్కన పిల్లుందిగా అండీ. చెప్పొద్దా?" అంది. వంగి పూసలు ఏరడం మొదలుపెట్టాను. మూడు దొరకలేదు.

ఆవిడే రెండు వెదురుబద్దలు పెట్టి, తన పాతచీర చింపి మణికట్టుకి కట్టింది. వాళ్ళాయన రెండు సైకిళ్ళూ నడిపించుకుంటూ మాతో వచ్చాడు. నిజమైన వంతెన కాస్త దూరంలోనే ఉంది. నడిచినా పది నిమిషాలు పట్టలేదు. దాని మీద నేను పిట్టగోడ వదలకుండా నడిచాను. వెనక్కి పోదామని నేనంటే తాతయ్య వినలేదు. "పిల్లలు కూర్చుని ఉంటారే" అన్నాడు.

కొల్లేరు ఎండాకాలంలో చిక్కిపోయి ఉంటుంది. ఒడ్డున బురద, ఎండుచేపల వాసన, దూరంగా నీళ్ళల్లో తెల్లగా గూడబాతులు. తాటాకు గుడిలో పద్నాలుగు మంది పిల్లలు బాసింపట్లు వేసుకుని నిజంగానే కూర్చుని ఉన్నారు. తాతయ్య ఎప్పుడూ పుస్తకం తెరిచి, చదువుతున్నట్టు పేజీలు తిప్పుతూ, కంఠతా వచ్చిన ప్రశ్నలు అడిగేవాడు. ఇప్పుడు ఆ చెయ్యి లేవదు. పుస్తకం నా ఒడిలో పెట్టాడు. నేను ప్రశ్న చదివితే ఆయన జవాబులు విన్నాడు. ఎవరి గొంతు ఏదో ఆయనకి తెలుసు. తప్పు చెప్పినవాణ్ణి పేరు పెట్టి పిలిచి సరిదిద్దాడు.

ఆదివారం ఫాదర్‌గారు మోటారు సైకిలు మీద వచ్చారు. పిల్లలు ఒక్క తప్పు లేకుండా అన్నీ అప్పజెప్పారు. ఆయన సంతోషించి, "ప్రశ్నలు ఎవరు అడిగారు?" అన్నారు. పద్నాలుగు చేతులూ నా వైపు తిరిగాయి. ఫాదర్‌గారు నన్ను చూసి, నా చేతిలో పుస్తకం చూసి, తాతయ్య కళ్ళలోకి చూశారు. చాలాసేపు చూశారు. "ఇన్నేళ్ళు బాగా తిరిగారు ఉపదేశిగారూ. ఇక విశ్రాంతి తీసుకోండి" అని మెత్తగా అన్నారు. తాతయ్య చిత్తం ఫాదర్ అన్నాడు. ఆ మధ్యాహ్నం కొర్రమేను పులుసు పెడితే ఆయన ముద్ద ముట్టలేదు.

బస్సు టాపు మీద సైకిళ్ళు వేయించుకుని ఇంటికొచ్చాం. తాతయ్యే నాన్నని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. నాన్న మొహం కందగడ్డయింది. నా మీదికి తిరిగాడు. "నీకు తెలుసా? తెలిసీ నాకు చెప్పలేదా? ఏమన్నా జరిగుంటే?" అని అరిచాడు.

"దాన్నేమీ అనకు. నేనే ఒట్టేయించుకున్నా. కాలవ కట్టేశారన్న సంగతి మర్చిపోయి తిప్పేశా. తప్పు నాది" అన్నాడు తాతయ్య.

అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. పన్నెండేళ్ళ పిల్ల భయపడిందిలే అని ఇప్పుడు నన్ను నేను సముదాయించుకోవచ్చు. కానీ ఆ రాత్రి నాన్న నన్ను కొట్టి ఉంటే బాగుండేదని ఏడ్చాను. అది మాత్రం నిజం.

శుక్లం ఎప్పుడో ముదిరిపోయిందన్నాడు డాక్టరు. ఆ రోజుల్లో కళ్ళ ఆపరేషనంటే చిన్న సంగతి కాదు. రెండు కళ్ళకీ కట్లు కట్టి, తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి, రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. దగ్గకూడదు, నవ్వకూడదు, తల తిప్పకూడదు. నేను రోజూ మధ్యాహ్నం క్యారేజీలో అన్నం తీసుకెళ్ళి, కలిపి, ముద్దలు నోట్లో పెట్టేదాన్ని. ఒకరోజు "నాకేమీ తోచడం లేదే. దారి చెప్పు. నువ్వు పిలువు, నేను పలుకుతా" అన్నాడు.

గుణదల నుంచి మొదలుపెట్టాను. "చింతల మలుపు." "వచ్చింది." "కంకిపాడు సంత." "వచ్చింది." "మడ్డి వాసన." "వచ్చింది, వచ్చింది" అని ఆయన పెదాలు విచ్చుకున్నాయి. నవ్వకూడదు తాతయ్యా అన్నాను. గుడివాడ, దిబ్బ, కాలవగట్టు. ఆ తర్వాత నేను ఏకంగా "కొల్లేరు" అన్నాను.

తాతయ్య పలకలేదు.

"వంతెన వదిలేశావే" అన్నాడు.

నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. "ఆ రోజు వంతెన రాలేదు తాతయ్యా. నేను చూడలేదు. మామిడికాయ తింటున్నా. చూడకుండానే వచ్చిందన్నా" అన్నాను.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"వంతెనకి ఇంకా పన్నెండు పూసలున్నాయి. నేనే తొందరపడి కేకేశాను. ఇంకా రాలేదంటావనుకున్నా."

"తెలిసి కూడా ఎందుకు తిప్పావు తాతయ్యా?"

ఇసక సంచుల మధ్య తల కదల్చకుండా, కట్ల కిందనుంచి ఆయన చాలా మామూలుగా, చిన్నపిల్ల అడగరాని ప్రశ్న అడిగినట్టు అన్నాడు:

"నువ్వు వచ్చిందన్నావుగా."

తర్వాత ఎడమచెయ్యి చాపి నా వేళ్ళు వెతుక్కుని పట్టుకున్నాడు. ముద్ద పెట్టమన్నాడు. పెట్టాను. కన్నీళ్ళు పడి ఉప్పెక్కిందేమో, అయినా తినేశాడు.

చూపు వచ్చింది. దళసరి కళ్ళద్దాల వెనక ఆయన కళ్ళు కోడిగుడ్లంత కనపడేవి. మొదట నన్ను చూసి, "ఎంత నల్లబడ్డావే" అన్నాడు. కానీ ఊళ్ళన్నీ అప్పటికే వేరొక కుర్ర ఉపదేశికి ఇచ్చేశారు. సంగతి విని బొమ్మల తాత మూడు పొణికి పూసలు చేసి పంపితే జపమాల మళ్ళీ గుచ్చించాం. తాతయ్య దాన్ని సైకిలు పిడికి చుట్టి, కాలవ దాకా వెళ్ళి వచ్చేవాడు. ఒక్క జపమాల దూరం. నన్ను ముందు తొక్కమనేవాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన అడిగినదానికి నేను చూడకుండా జవాబు చెప్పలేదు.

ఇప్పుడు ఆ గట్లు తారు రోడ్లయ్యాయి. కొల్లేట్లో చేపల చెరువులు తవ్వారు. ఏ ఊరు ఏ వాసనో చెప్పగలిగే ముక్కు ఎవరికీ లేదు, నాక్కూడా.

ఈ కథ మనవరాలికి ఆ సాయంత్రం చెప్పాను. విని లేచి తన గదిలోకి పోయింది. మొన్న కంటి పరీక్షకి వెళ్ళి వస్తున్నాం. రెండో కంటికి కూడా డాక్టరు మందు వేసి చూపంతా మసకచేసి పంపాడు. నేను ఏమీ అడగలేదు. ఆటో కదిలిన కాసేపటికి ఫోను సంచిలో పెట్టిన చప్పుడు వినపడింది. తల బయటపెట్టి చూస్తోందని గాలికి ఎగిరిన దాని జుట్టు నా మొహానికి తగిలి తెలిసింది.

"వంతెన ఇంకా రాలేదు అమ్మమ్మా" అంది.

ఆటో ఎగిరిపడేదాకా నేను కళ్ళు మూసుకునే కూర్చున్నాను.